సగం పేరు

నా పేరు సుబ్బనరసమ్మ.
సాల్మియా నర్సరీలో మూడేళ్ల నాలుకలకి
అంత పేరు బరువు.
ముందు సుబ్బ రాలిపోయింది, వెనక అమ్మ రాలిపోయింది.
మిగిలింది నర్స్.
చదివింది ఏడో తరగతి, తెలిసింది తడిగుడ్డ,
అయినా నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా
ఆ పేరుకి బాకీ పడ్డట్టే తిరుగుతాను.

పొద్దున ఆరున్నరకి గేటు ఇనుము చురుక్కుమంటుంది.
ఆగస్టులో వాతలు పెట్టిన కొళాయే
ఇప్పుడు వేళ్లు కొరుకుతుంది.
బస్సు రాకముందే గీజరు వేస్తాను.
చన్నీళ్లైతే పిల్లలు చేతులు తడుపుతారు గానీ
కడగరు.

ఇరవై అంకెలు లెక్కపెట్టేదాకా సబ్బు.
అరబీ అంకెలైతే పరుగెత్తి ముగించేస్తారు.
అందుకని తెలుగులో నేర్పాను.
పదకొండు దగ్గర అందరికీ కాలు జారుతుంది,
మళ్లీ వెనక్కొచ్చి పట్టుకుంటారు.
ఆ తడబాటులోనే నురగ
బొటనవేలి సందులోకి చేరుతుంది.

అక్టోబరులో ఫ్లూ సూదికి
మొదట నా చెయ్యే చాపాను.
చీమ కుట్టినట్టే అని అబద్ధం చెప్పలేదు.
నొప్పే, కొంచెంసేపు ఏడిస్తే పోయేంత, అన్నాను.
గనీమా సరిగ్గా అంతసేపే ఏడ్చింది.

మధ్యాహ్నం ప్లాస్టిక్ ఒంటెలకి బ్లీచు నీళ్లలో స్నానం.
ఏ తోక మీద ఎవరి పళ్లో నాకు తెలుసు.
పేరు రాసిన గ్లాసులు, పేరు రాసిన దుప్పట్లు,
ఎవరి దగ్గు వాళ్ల మోచేతి మడతలోకి.
ఎంత చలైనా తరగతికోసారి
పది నిమిషాలు కిటికీ తెరుస్తాను.
టీచరమ్మ శాలువా లాక్కుంటుంది, నన్ను తిట్టుకుంటుంది.
తిట్టుకోనీ.

మా అమ్మయితే పెనం మీద వాము వేయించి
గుడ్డలో మూటగట్టి ముక్కు దగ్గర పెట్టేది.
ఇక్కడ అలాంటివి పెట్టకూడదు.
నా సంచీలో ఉన్న మూట నాకే.

మొన్న గురువారం
యాసీన్ చెవులు ఎర్రగా ఉన్నాయి.
నుదుటి దగ్గర పెట్టిన మిషను ముప్పై ఏడు అంది.
వాళ్లమ్మ నెర్మీన్ నా వైపు చూడకుండా
వాడి కోటు బొత్తాం పెట్టిందే మళ్లీ పెట్టింది.
వంగి ముద్దు పెట్టబోతే
వాడి నోట్లోంచి స్ట్రాబెర్రీ వాసన.
జ్వరం మందుది.
కార్లో పట్టినట్టుంది, ఇంకా వెచ్చగానే ఉంది ఊపిరి.

ఆమె జమియాలో కౌంటరు దగ్గర నిలబడుతుంది.
సెలవు పెడితే ఆ రోజు దినార్లు పోతాయి.
తిట్టడానికి నోరు తెరిచాను.
మాస్కు కింద నా నోట్లో
పనడాల్ చేదు తగిలింది.
తెల్లారుజామున రెండు మింగి వచ్చాను నేనూ,
ఒంట్లో మంట మిషనుకి కనపడకుండా,
నా దినార్లు పోకుండా.

లిస్సీ సిస్టర్ని పిలిచి
వాడి గురించి చెప్పాను.
గుమ్మం దాకా వెళ్లి, ఆగి,
నా గురించీ చెప్పాను.
జీతం కోసుకుంటారేమో. కోసుకోనీ.

వాళ్లమ్మ రెండింటికి గానీ రాలేదు.
అప్పటిదాకా మా ఇద్దరికీ
స్టోరు పక్క చిన్న గది.
రెండు గ్లాసులు, రెండు టవళ్లు,
మధ్య తెరిచిన కిటికీ,
దూరంగా సముద్రం రంగు లేని ఒక ముక్క.

వాడు తుమ్మాడు, నేర్పినట్టే మోచేతిలోకి.
చిరంజీవ, అన్నాను.
అల్‌హందులిల్లా, అన్నాడు పెద్దమనిషిలా.
కాసేపటికి నేను తుమ్మాను.
దుప్పట్లోంచి తల బయటపెట్టి
నన్ను పరీక్షగా చూసి
షిరంజీవా నర్స్, అన్నాడు.

నాకు నలభై రెండేళ్లు.
ఊహ తెలిశాక
ఆ మాట నాకెవరూ అనలేదు.